జడ్జిగారు ఇంకా రాలేదు

పాటగాడికి పిల్లల బడిలో ఉద్యోగం దొరికిందంటే ఇంకేముంది, వడ్డించిన విస్తరే అనుకుంటాం. అతనూ అలాగే అనుకున్నాడు. ఏళ్ల తరబడి హోటళ్లలో, క్లబ్బుల్లో, పుట్టినరోజు పార్టీల్లో పాడిన మనిషి. గిన్నెల మోతలో, భోజనాల హడావిడిలో, ఎవరూ వినకపోయినా తడబడకుండా పాట పూర్తిచేసిన మనిషి. అలాంటివాడు తమ ముక్కు తాము తుడుచుకోవడం రాని నాలుగేళ్ల పిల్లల ముందు పాడలేడా? భేషుగ్గా పాడాడు. చిక్కంతా అక్కడే వచ్చిపడింది.

ఆర్కెస్ట్రాలో అతన్ని అందరూ డ్యూయెట్ అనేవాళ్లు. ఆడగొంతూ మగగొంతూ రెండూ తనే పాడతాడు కాబట్టి ఆ పేరు. మొదటిసారి అవసరం కొద్దీ చేసిన పని అది. పాడాల్సిన అమ్మాయికి బస్సు దొరక్కపోతే, పరువు పోకుండా ఆమె వంతు కూడా సన్నటి గొంతుతో తనే లాగించేశాడు. కళ్లు మూసుకుంటే ఇద్దరున్నట్టే ఉందని జనం చప్పట్లు కొట్టారు. దాంతో యజమాని బుర్ర చురుగ్గా పనిచేసింది. చిన్న చిన్న ప్రోగ్రాములకి ఆ అమ్మాయిని పిలవడమే మానేశాడు. ఇంట్లోనూ ఇదే వరసని అతని భార్య దెప్పుతుండేది. కూర ఏం చెయ్యనని అడిగేదీ నువ్వే, బంగాళాదుంప చేస్తాలే అని చెప్పేదీ నువ్వే, మధ్యలో నాకు నోరు తెరిచే సందేదీ అనేది.

సందు అంటేనే అతనికి భయం మరి. వేదిక మీద రెండు క్షణాలు మౌనం వచ్చిందంటే గుండెలో రాయి పడ్డట్టే. జనం తలలు తిప్పుకుని పక్కవాళ్లతో కబుర్లు మొదలుపెడతారు, మళ్లీ ఇటు తిరగరు. అందుకని ఎవరు ఆగినా, ఏది ఆగినా, ఆ ఖాళీని టక్కున పూడ్చెయ్యడం అతనికి ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది.

ఆ ఆర్కెస్ట్రా కాస్తా మూతపడింది. పాటలన్నీ ఓ పెట్టెలో వేసుకుని మీట నొక్కితే సరిపోతుంటే, ఇంతమంది మనుషుల్నీ వాళ్ల వాయిద్యాల్నీ ఎవరు పిలుస్తారు? డ్రమ్ములు కొట్టేవాడు ఫర్నిచరు కొట్లో చేరాడు. మన డ్యూయెట్ ఇంట్లో కూర్చున్నాడు. భార్య ఆస్పత్రిలో నర్సు, ఎక్కువగా రాత్రి డ్యూటీలు. ఆవిడ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఏమీ అనకుండా అలిసిపోయి వచ్చి, అతను పెట్టిన కాఫీ తాగి పడుకునేది చూడండి, అదే అతన్ని తినేసింది. పొద్దున్నే తనకోసం ఎదురుచూసేవాళ్లు ఎక్కడా లేరన్న సంగతి ఎంత చేదుగా ఉంటుందో, లేవడానికి కారణం లేకుండా లేచినవాళ్లకే తెలుస్తుంది.

అలాంటి రోజుల్లో రెండు వీధుల అవతల ఉన్న పిల్లల బడిలో బామ్మ టీచరుకి మోకాళ్లు మొరాయించాయి. చాప మీద కూర్చుంటే ఇద్దరు లేపాల్సి వస్తోందట. ఆస్పత్రిలో ఆవిడకి కట్టు కడుతూ ఈ సంగతి విన్నది అతని భార్యే. బడి నడిపే పెద్ద టీచరు మితభాషి, కళ్లద్దాల మీంచి చూసే రకం. చిన్నపిల్లల గదికి మగమనిషా అని ఒక క్షణం ఆలోచించి, కొన్నాళ్లు చూసి చెబుతానంది. ఆ గదిలో రోజూ పొద్దున బడి పలకరింపు పాటతోనే మొదలవ్వాలని, మిగతాదంతా ఆ తర్వాతేనని గట్టిగా చెప్పింది.

పలకరింపు పాట బామ్మ టీచరు ఫోన్లో నేర్పింది. కట్టింది కూడా ఆవిడే. తలుపు తీశాం, కిటికీ తీశాం, ఎండొచ్చి కూర్చుంది, ఎండ పక్కన కూర్చునేందుకు ఎవరెవరొచ్చారు, అని మొదలవుతుంది. ఆ తర్వాత ఒక్కో పిల్లనీ పిల్లాణ్ణీ ముద్దుపేరుతో పలకరించాలి. బఠాణీ వచ్చాడా అని ఒక వరస, వచ్చాను వచ్చాను అని ఇంకో వరస. ఇంజను వచ్చాడా, వచ్చాను వచ్చాను. ఆవిడ మంచంలో పడుకుని బొంగురు గొంతుతో మొదట్నించి చివరిదాకా పాడి వినిపించింది. ఒక్కసారి వినగానే అతనికి పట్టుబడిపోయింది. ఇంత తేలిక బాణీకి జీతం కూడానా అనుకున్నాడు.

మొదటి పొద్దు అదిరిపోయింది. చాప మీద గుండ్రంగా కూర్చోబెట్టి, బఠాణీ వచ్చాడా అని నిండు గొంతుతో అడిగి, వచ్చాను వచ్చాను అని పిల్ల గొంతుతో తనే జవాబిచ్చాడు. పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు. ఇంజను దగ్గర రైలు కూత కూడా జోడించాడు. వంటగదిలోంచి ఆయమ్మ గరిటెతో సహా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇరవై పేర్లకీ ఇరవై గొంతులు మార్చాడు మహానుభావుడు. ఎక్కడా సందు లేదు. పాట అయ్యాక పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎన్నాళ్లకో విన్న చప్పట్లు, ఇంటికెళ్లేటప్పుడు అతని నడకే మారిపోయింది. భార్యకి వండుతూ మొత్తం మళ్లీ పాడి వినిపించాడు. ఆవిడ నిద్రమొహంతోనే నవ్వింది.

వారం తిరిగేసరికి చప్పట్లు ఆగిపోయాయి. అంతటితో పోతే బాగుండేది. గేటు దగ్గర ఏడుపులు మొదలయ్యాయి. బామ్మ టీచరు ఉన్నప్పుడు బ్యాగు విసిరేసి లోపలికి పరిగెత్తే పిల్లలు, ఇప్పుడు తల్లుల కొంగులూ తండ్రుల ప్యాంట్లూ పట్టుకుని వదలడం లేదు. పాట జరుగుతున్నంతసేపూ ఒకడు చాప పుల్లలు పీకుతాడు, ఒకతి పక్కపిల్ల జడ లాగుతుంది. పాట అయ్యాక కూడా ఎవరూ ఎక్కడా కుదురుకోరు. ఎప్పుడూ రైలు కూతే తప్ప మాట లేని ఇంజను ఓ రోజు పక్కవాడి చెయ్యి కొరికాడు. బఠాణీ అనే బుల్లి పిల్లాడైతే మధ్యాహ్నందాకా చెప్పులు విప్పకుండా, ఎవరో వచ్చి తీసుకెళతారన్నట్టు తలుపు వైపే చూస్తూ కూర్చునేవాడు.

అందరికన్నా మొండిఘటం జడ్జిగారు. నాలుగేళ్ల పిల్ల. చేతులు కట్టుకుని, కనుబొమలు ముడిచి, ఎదుటివాడు ఏదో నేరం చేసినట్టు చూస్తుంది. ఆ పేరు ఎవరు పెట్టారోగాని చక్కగా అమిరింది. వాళ్ల నాన్న సిటీబస్సు డ్రైవరు, యూనిఫారంలో వచ్చి దింపి వెళతాడు. ఆ పిల్ల పాటంతా గోడకి వీపు ఆనించి వినేది, ఆ తర్వాత పొద్దంతా ఎవరితోనూ ఆడేది కాదు.

అతను చేతులు ముడుచుకు కూర్చున్నాడనుకోకండి. తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాడు. ఇంట్లోంచి కీబోర్డు మోసుకొచ్చాడు. పిల్లి గొంతుతో పాడాడు, ముసలాయన గొంతుతో పాడాడు. బాణీ హుషారుగా ఉండాలని వేగం పెంచాడు. పాట ఎంత బాగా వచ్చిందో పిల్లలు అంత దూరం జరిగారు. తల ప్రాణం తోకకొచ్చింది. మనసులో మాత్రం ఒకటే గుబులు. వేదిక పోయింది సరే, చివరికి ఇంతింత పిల్లల్ని కూడా నిలబెట్టుకోలేకపోతే, తను పాటగాణ్ణని ఇంకే మొహంతో చెప్పుకుంటాడు?

తల్లిదండ్రులు ఊరుకుంటారా? పెద్ద టీచరు గది ముందు గుమిగూడారు. డ్రైవరు నాన్న అందరికంటే గట్టిగా మాట్లాడాడు. పొద్దున పొద్దున్నే పిల్ల ఏడుపు చెవుల్లో పెట్టుకుని అంత పెద్ద బస్సు ఎలా నడపమంటారని నిలదీశాడు. అందులో తప్పేమీ లేదు. గురువారం పొద్దున్న పెద్ద టీచరు అతన్ని పక్కకి పిలిచింది. రేపు శుక్రవారం తను గదిలోకి వచ్చి చూస్తానని, అప్పటికీ పిల్లలు కుదురుకోకపోతే పొద్దున పూట అక్కడ టీవీ పెట్టించి, అతన్ని పంపించెయ్యక తప్పదని చెప్పింది. ఆవిడ గొంతులో కోపం లేదు. అతను తలూపి గదిలోకి వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం భోజనాలకి ముందు కుళాయి దగ్గర పిల్లల చేతులు కడిగిస్తున్నాడు. వరసలో చివర జడ్జిగారు వచ్చింది. ఇంకెవరూ లేరు కాబట్టి, ఉద్యోగం ఎలాగూ పోతోంది కాబట్టి, సబ్బు రాస్తూ మెల్లగా అడిగాడు, నీకు నా పాట ఎందుకు నచ్చలేదమ్మా అని.

"పాట బాగుంది," అంది జడ్జిగారు.

"మరి నువ్వెప్పుడూ అలా దూరంగా కూర్చుంటావేం?"

"నేనింకా రాలేదుగా."

అతనికి నవ్వొచ్చింది. "ఇదిగో, నా ఎదురుగా ఉన్నావు. చేతులు కూడా కడుగుతున్నాను. రాకపోవడమేంటి?"

ఆ పిల్ల నవ్వలేదు. నురగ చేతులు రెండూ అలాగే పట్టుకుని, ఎంతో ఓపిగ్గా, మందబుద్ధి శిష్యుడికి చెప్పినట్టు చెప్పింది. "వచ్చానని నువ్వు చెప్పావు. నేను చెప్పలేదు. నా గొంతు అంత సన్నగా ఉండదు కూడా."

చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. అతను కుళాయి కట్టడం మర్చిపోయి అక్కడే నిలబడ్డాడు. ఆయమ్మ వచ్చి నీళ్లు పోతున్నాయని కేకేసేదాకా కదల్లేదు.

సాయంత్రం బామ్మ టీచరుకి ఫోన్ చేశాడు. కాసేపు మోకాళ్ల గురించి అడిగి, నీళ్లు నమిలి, చివరికి అసలు సంగతి అడిగాడు, పాటలో వచ్చాను వచ్చాను అనేది ఎవరు పాడాలని. అవతల ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

"అయ్యో నాయనా, ఫోన్లో పిల్లల్ని ఎక్కణ్ణించి తెచ్చేది? బాణీ తెలియాలని ఆ వంతు కూడా నేనే పాడేశాను. అది వాళ్లదయ్యా."

పప్పులో కాలేశాడు. ఇన్నాళ్లూ ఇరవై మంది నోళ్లలోంచీ మాట లాగేసుకుని, పైగా అదో ఘనకార్యమని ఇంట్లో చెప్పుకున్నాడు. వాళ్లు చెప్పకపోతే ఏం చెయ్యాలని అడిగాడు. ఊరుకోమంది ఆవిడ. ఎంతసేపని అడిగాడు. ఆవిడకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

శుక్రవారం కీబోర్డు ఇంట్లోనే వదిలేశాడు. పెద్ద టీచరు గుమ్మం పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. కిటికీ ఊచల బయట ముగ్గురు నలుగురు తల్లిదండ్రులు, వాళ్లలో డ్రైవరు నాన్న. లోపల ఏడుపులు మామూలే. అతను చాప మీద వాళ్లతో పాటే కూర్చున్నాడు. గొంతు బాగా తగ్గించి, ఎండొచ్చి కూర్చుందన్న దాకా పాడి, బఠాణీ వైపు తిరిగాడు.

బఠాణీ వచ్చాడా అని అడిగి, ఆగాడు.

ఏడ్చేవాళ్లు కూడా ఆగి అటు చూశారు. బఠాణీ వెనక్కి తిరిగి చూశాడు, జవాబు చెప్పేవాడు ఎక్కడున్నాడా అని. ఎవరూ లేరు. అతని గొంతులో సన్నటి వచ్చాను సిద్ధంగా ఉంది, నాలిక చివరిదాకా వచ్చేసింది. పెద్ద టీచరు కుర్చీలో కదిలింది. కిటికీ దగ్గర ఎవరో గుసగుసలాడారు. ఇన్నేళ్లూ ఏ మౌనానికి భయపడి పరిగెత్తాడో ఆ మౌనం ఇప్పుడు ఎదురుగా వచ్చి కూర్చుంది, చెమటలు పట్టించింది. పెదాలు బిగించి ఊరుకున్నాడు.

బఠాణీ చొక్కాలోకి మొహం దూర్చుకుని, అందులోంచే, "వచ్చాను," అన్నాడు. అని, ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పాడు.

ఇంజను వచ్చాడా అనేసరికి ఇంజను లేచి గదంతా ఒక చుట్టు చుట్టి, పెద్ద టీచరు కుర్చీ చుట్టూ ఇంకో చుట్టు అదనంగా వేసి, రొప్పుతూ వచ్చి, అప్పుడు చెప్పాడు వచ్చానని. అతను ఆపలేదు. ఒకతి గెంతి చెప్పింది. ఒకడు పక్కవాడి చేయి పట్టుకుని ఊపుతూ చెప్పాడు. ఇంకొకడు చెప్పడానికి ముందు తన కొత్త బొత్తం గురించి పెద్ద కథ చెప్పాడు, దాన్నీ విన్నారు అందరూ. గమ్మత్తేంటంటే, ఏడ్చేవాళ్లు కూడా తమ వంతు ఎక్కడ దాటిపోతుందోనని ఏడుపు వాయిదా వేసుకున్నారు. బయట తర్వాతి పాఠం గంట కొట్టారు. ఎవరూ లేవలేదు. పెద్ద టీచరు చేతి గడియారం చూసుకుంది.

చివరికి గోడ పక్కన జడ్జిగారు మిగిలింది.

జడ్జిగారు వచ్చారా అని పాడి అతను ఆగాడు. ఆ పిల్ల అతన్ని చూసింది. చేతులు కట్టుకుంది. కాలం గడుస్తోంది. కిటికీలోంచి నాన్న ఉండబట్టలేక, వచ్చానని చెప్పమ్మా, ఒక్క మాటేగా అన్నాడు. అతను వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి వద్దని వారించాడు. ఇంకొకరి వంతు లాక్కుంటే ఏమవుతుందో అతనికి తెలిసినంతగా ఆ గదిలో ఎవరికీ తెలియదు.

జడ్జిగారు లేచింది. చాప దాటి, పెద్ద టీచరు కుర్చీ దాటి, తలుపులోంచి బయటికి వెళ్లిపోయింది.

అయిపోయింది అనుకున్నాడు. అందరు పిల్లలూ ఒక ఎత్తు, ఈ పిల్ల ఒక ఎత్తు, ఈ పిల్లే వెళ్లిపోయాక ఇంక చూడ్డానికి ఏముంది? పెద్ద టీచరు సగం లేచింది. డ్రైవరు నాన్న పరిగెత్తబోయి, వరండాలో కనిపించింది చూసి ఆగిపోయాడు. జడ్జిగారు తన బూట్లు వేసుకుంటోంది, ఎడమది కుడికి, కుడిది ఎడమకి. అలాగే నడుచుకుంటూ గేటుదాకా వెళ్లింది. గేటు ముట్టుకుని వెనక్కి తిరిగింది. మళ్లీ వరండా ఎక్కి, బూట్లు విప్పి, బల్లకింద ఒకదాని పక్కన ఒకటి సర్దిపెట్టింది. తలుపులోంచి లోపలికి వచ్చి, చాప అంచున నిలబడి, ఆ చిన్న ఒంట్లో ఎక్కడ దాచుకుందో తెలియని బొంగురు గొంతుతో గది దద్దరిల్లేలా చెప్పింది.

"వచ్చాను."

చెప్పి, గోడ దగ్గరికి కాదు, బఠాణీ పక్కకి వెళ్లి కూర్చుంది. వాడు జరిగి చోటిచ్చాడు.

పెద్ద టీచరు లేచి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. కిటికీ దగ్గరికి వెళ్లి డ్రైవరు నాన్నతో, జడ్జిగారు వచ్చేశారు, మీరిక బస్సు దగ్గరికి వెళ్లండి అంది. వెళుతూ వెళుతూ ఇతని దగ్గర ఆగింది. పాట ఇంతసేపు పడుతుందంటే సోమవారం నుంచి ఆ గంట ఆలస్యంగా కొట్టిస్తానని చెప్పింది. సోమవారం అన్న మాట ఒక్కటే అతని చెవికెక్కింది. మిగతాదంతా తర్వాత ఆయమ్మని అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. ఏడుపొస్తుందేమోనని భయపడి, ఇక లేద్దామని చాప మీద చెయ్యి ఆనించాడు.

"పాట అయిపోలేదు," అంది జడ్జిగారు.

అందరూ చెప్పేశారు కదా అన్నాడతను. జడ్జిగారు తల అడ్డంగా ఊపింది. బాణీ లేకపోయినా, తాళం తప్పినా, ఆ బొంగురు గొంతుతో తనే ఎత్తుకుంది. "మాస్టారు వచ్చారా?" మిగతా పిల్లలు అందుకున్నారు. ఎవరి శ్రుతి వాళ్లది, ఎవరి వేగం వాళ్లది. మాస్టారు వచ్చారా, మాస్టారు వచ్చారా అని అడిగి, అందరూ ఒక్కసారే ఆగిపోయారు.

అతను నోరు తెరిచాడు. ఎంతమంది తరఫునో జవాబులు పాడిన నోరు. నిన్ను కూడా ఒకరు అడుగుతారని, నీ జవాబు కోసం ఆగుతారని ఎవరూ చెప్పలేదు దానికి. మగగొంతూ లేదు, ఆడగొంతూ లేదు, కళ్లు మాత్రం మసకబారాయి. పిల్లలు ఎవరూ అతని బదులు చెప్పెయ్యలేదు. ఎవరూ నవ్వలేదు. బఠాణీ ఉత్త కాళ్లు ముడుచుకుని, తొందరేం లేదన్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

కాస్త ఆలస్యంగానే అయినా, మాస్టారు వచ్చారు.